యాభై దాటిన పరుగుకు వేరే లెక్క

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లారగట్ల 5 గంటలకు కాళీమాత గుడి ముందు నిలబడితే రకరకాల పరుగులు కనిపిస్తాయి. వాటిలో ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరికీ 54 ఏళ్లు. ఇద్దరూ 10 కిలోమీటర్లు గంటలో పూర్తి చేస్తారు. మొదటి మనిషి ముప్పై ఏళ్ల వయసులో అదే దూరం 42 నిమిషాల్లో పరుగెత్తాడు. ఇప్పుడు వాచీ చూసుకున్న ప్రతిసారీ ముఖం చిన్నబుచ్చుకుంటాడు. రెండో మనిషికి మూడేళ్ల కిందటి దాకా పరుగే తెలియదు. షుగర్ రిపోర్టు చూసి డాక్టరు నడవమంటే బయల్దేరాడు. మొదటి రోజు సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికి వచ్చేసరికే ఆయాసంతో గట్టు మీద కూలబడ్డాడు. అలాంటిది ఇవాళ గంటసేపు ఆగకుండా పరుగెత్తి, ఇంటికెళ్లి ఆ మాట అందరికీ చెబుతాడు.

కాళ్లు ఒకే వేగంతో కదులుతున్నా మనసులు రెండు దిక్కుల్లో ఉన్నాయి. యాభై దాటాక ఉత్సాహం ఎందుకు సన్నగిల్లుతుందనే ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. బద్ధకం వల్ల మానేసేవాళ్లు తక్కువ. పాత కొలబద్దతో కొలుచుకుని, రోజూ ఓడిపోయి, ఆ ఓటమికి విసిగి మానేసేవాళ్లే ఎక్కువ. రెండో మనిషి కూడా ఆ గండం తప్పించుకున్నట్టు కాదు. అతనికి అది కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏ వయసులోనైనా కొన్నేళ్లపాటు మెరుగవుతూనే పోతారు. శిక్షణ ఇచ్చే లాభం వయసు తెచ్చే నష్టాన్ని మించి ఉంటుంది. ఒక దశలో ఆ రెండూ సమానమవుతాయి. అక్కడి నుంచి ఎంత కష్టపడినా టైమింగ్ కదలదు. అతని ఊపు అంతా ‘నెలనెలా తగ్గే నిమిషాల’ మీదే నిలబడి ఉంటే, ఆ రోజుతో అదీ కూలుతుంది.

శరీరంలో జరిగేదేమిటో తెలిస్తే మనసు కొంత కుదుటపడుతుంది. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం వయసుతో తగ్గుతుంది. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేస్తే వచ్చే అంకె దానికి ఉజ్జాయింపు. ముప్పై ఏళ్లకు 187 ఉన్నది యాభై ఐదుకు 170 దగ్గరికి వస్తుంది. ఏ శిక్షణా దీన్ని ఆపలేదు. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి సంగతి వేరు. కదలకుండా కూర్చునేవాళ్లలో అది పదేళ్లకు సుమారు 10 శాతం పడిపోతే, గట్టిగా సాధన చేసేవాళ్లలో ఆ పతనం దాదాపు సగానికి తగ్గుతుంది. వేగానికి పనికొచ్చే కండరపు పోగులు ముందుగా సన్నబడతాయి. పరుగులో ఇదంతా ఒకే రకంగా బయటపడుతుంది. నిమిషానికి వేసే అడుగులు పెద్దగా తగ్గవు, అడుగు పొడవు తగ్గుతుంది. నేలను వెనక్కి తన్నే శక్తి పిక్కల్లో పలచబడటమే దీనికి ముఖ్య కారణం. వయసు వల్ల పోయేదాన్ని ఆపలేకపోయినా, సాధన వల్ల నిలిచేది చాలానే ఉంది. ఎక్కడ పోరాడాలో, ఎక్కడ వదిలేయాలో ఈ లెక్కే చెబుతుంది.

కొలబద్ద మార్చుకోవడం ఓటమిని ఒప్పుకోవడం కాదని చూపించినవాళ్లు ఉన్నారు. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ శామ్యూల్సన్ 1984లో ఒలింపిక్స్ తొలి మహిళా మారథాన్ గెలిచింది. అంతకుముందే 1979లో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 35 నిమిషాల 15 సెకన్లలో గెలిచింది. నలభై ఏళ్ల తర్వాత, 2019లో, 61 ఏళ్ల వయసులో మళ్లీ అదే బోస్టన్‌కు వచ్చినప్పుడు ఆమె పెట్టుకున్న లక్ష్యం పాత టైమింగ్ కాదు. ఆ పాత టైమింగ్ కన్నా 40 నిమిషాలకు మించి ఎక్కువ పట్టకుండా పూర్తి చేయాలనుకుంది. ఏళ్లు నలభై కాబట్టి నిమిషాలూ నలభై. 3 గంటల 4 నిమిషాలకే ముగించింది. గతాన్ని చెరిపేయకుండా, దానితో తలపడకుండా, దాన్నే కొత్త లక్ష్యానికి గుంజలా పాతుకోవడంలో ఉన్న తెలివి అది. మన బీచ్ రోడ్డు మనిషికి కూడా 42 నిమిషాల జ్ఞాపకం బరువు కానక్కర్లేదు.

ఇంకో కొలబద్ద వయసు శాతం. ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్ 35 ఏళ్ల నుంచి అయిదేళ్లకొక విభాగం చొప్పున పోటీలు పెడుతుంది. ప్రతి వయసుకూ, ప్రతి దూరానికీ అత్యుత్తమ ప్రమాణం ఇదీ అని పట్టికలూ ఉన్నాయి. ఆ ప్రమాణాన్ని మన టైమింగ్‌తో భాగిస్తే శాతం వస్తుంది. ఒక వయసుకు ప్రమాణం 33 నిమిషాలనుకుంటే, 55 నిమిషాల్లో పరుగెత్తినవాళ్లకు 60 శాతం. వచ్చే ఏడు టైమింగ్ అర నిమిషం పెరిగినా శాతం నిలిచిందంటే, వయసుతో జరిగిన పోటీలో మనిషి ఓడలేదన్న మాట. యాభై దాటిన ప్రతి రన్నరూ ఏడాదికి ఒక్కసారైనా ఈ లెక్క వేసుకోవాలి.

ప్రతి ఉదయమూ ఆనందంగా లేవాలన్న నియమం కూడా అక్కర్లేదు. కెనడాలో స్థిరపడిన ఎడ్ విట్‌లాక్ 2004లో 73 ఏళ్ల వయసులో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశాడు. ఇంటి దగ్గరి శ్మశానవాటికలో చిన్న చుట్టుదారిలోనే నెమ్మదిగా రెండు మూడు గంటలు పరుగెత్తేవాడు. ఆ రోజువారీ సాధన తనకు సరదా అని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. పోటీలో పరుగు ఇష్టం, రికార్డులు ఇష్టం, దానికోసం ఇది చేయాలి, చేశాడు. ‘మనసు రావట్లేదు’ అంటూ తమను తాము నిందించుకునేవాళ్లకు ఈ ఉదాహరణ ఊరటనివ్వాలి. పళ్లు తోముకోవడానికి ఎవరూ మనసు కోసం ఎదురుచూడరు.

ఇక శిక్షణ. యాభై దాటాక పరుగు కన్నా కోలుకోవడమే పెద్ద పని. పాతికేళ్లప్పుడు ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా దూరపు పరుగు) చేసి మంగళవారం వేగంగా పరుగెత్తినా కాళ్లు ఒప్పుకునేవి. ఇప్పుడు అదే శ్రమకు కండరం మరమ్మతు కావడానికి ఇంకో రోజో రెండు రోజులో పడుతుంది. అందుకే ఏడు రోజుల చక్రం ఇరుకవుతుంది. పది రోజుల చక్రం మేలని కోచ్‌లు అంటారు కానీ ఉద్యోగాలు, ఆదివారం గుంపులు ఉన్న ఊళ్లో అది కుదరదు. పద్నాలుగు రోజుల చక్రం కుదురుతుంది. ఒక ఆదివారం 18 కిలోమీటర్లయితే, తర్వాతి ఆదివారం అదే గుంపుతో బయల్దేరి 10 దగ్గర ఆగిపోవడం. రెండు వారాల్లో కష్టమైన పరుగులు, అంటే టెంపో (ఆగకుండా కాస్త గట్టి వేగంతో పరుగు), ఇంటర్వెల్స్ (మధ్యమధ్య విరామంతో వేగపు పరుగులు), కైలాసగిరి ఘాట్ ఎక్కడం లాంటివి, మూడుకు మించకుండా చూసుకోవడం. మిగిలినవన్నీ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉండాలి. ముక్కలు ముక్కలుగా మాట్లాడాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ఈజీ రోజున కాస్త గట్టిగా, గట్టి రోజున అలసిపోయి కాస్త మెల్లగా, అన్నీ ఒకే మధ్యస్థపు వేగంలో చేస్తారు. అలసట పోగవుతుంది, లాభం రాదు. మంచం మీద నుంచి లేవకముందే నాడి చూసుకుని, రోజూ ఉండేదాని కన్నా అయిదారు బీట్లు ఎక్కువగా ఉంటే ఆ రోజు నడకతో సరిపెట్టుకోవడం మంచిది. దాన్ని నాగా కింద రాసుకోకూడదు.

ఈ వయసులో ఎక్కువగా మొరాయించేవి పిక్క, మడమ వెనుక నరం (పిక్క కండరాన్ని మడమకు కట్టే అకిలిస్ టెండన్). యువ రన్నర్లకు మోకాలు ఎలాగో యాభై దాటినవాళ్లకు ఇవి అలాగ. అపార్ట్‌మెంటు మెట్టే దీనికి జిమ్. మెట్టు అంచున పాదం ముందు భాగం మాత్రమే ఆనించి, మడమలు గాల్లో ఉండేలా నిలబడాలి. చెయ్యి రెయిలింగ్ మీద ఉంచుకోవచ్చు. రెండు కాళ్లతో మునివేళ్ల మీదకు లేచి, మంచి కాలును తీసేసి, నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి, మడమను మెట్టు కన్నా కిందికి మెల్లగా దించాలి. దించడమే వైద్యం, లేవడం కాదు. లేవడానికి మళ్లీ రెండు కాళ్లూ వాడాలి. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ఈ పద్ధతిని ప్రకటించింది. మోకాలు నిటారుగా 15 చొప్పున మూడుసార్లు, మోకాలు కొద్దిగా వంచి మరో మూడుసార్లు, పొద్దున, సాయంత్రం. రోజుకు 180. పన్నెండు వారాలు. మొదటి రెండు వారాల్లో నొప్పి కాస్త ఎక్కువైనట్టే ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. పరుగు మానేసి మంచాన పడుకున్నా తగ్గని నరం ఇలా బరువు మోస్తూ బాగుపడటం వింతే, కానీ నరానికి కావలసింది అదే. నొప్పి లేనివాళ్లు వారానికి రెండు రోజులు ఇదే చేస్తూ, గుంజీళ్లు, ఒంటికాలి మీద నిలబడటం కలుపుకుంటే అడుగు పొడవు కొంతైనా నిలుస్తుంది.

తీరంలో ఇసుక మీద పరుగు మెత్తగా ఉంటుందని నమ్మేవాళ్లు ఎక్కువ. నీటి అంచున ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. పొడి ఇసుకలో మడమ లోపలికి దిగి నరాన్ని లాగుతుంది. ఆర్కే బీచ్ నుంచి వుడా పార్కు దాకా దాదాపు సమంగా ఉండే రోడ్డే ఈ వయసు కాళ్లకు నయం. జోడుగుళ్లపాలెం దాటాక తెన్నేటి పార్కు వైపు ఎక్కుడు వస్తుంది, దాన్ని కష్టమైన రోజుకు దాచుకోవాలి.

విశాఖలో పరుగెత్తేవాళ్లకు వయసు కన్నా పెద్ద శత్రువు ఉక్క. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, బొట్లుబొట్లుగా కారిపోతుంది. కారిన చెమట వల్ల నీరూ ఉప్పూ పోతాయి తప్ప చల్లదనం రాదు. గుండె అటు కాళ్లకూ ఇటు చర్మానికీ రక్తం పంపలేక వేగం పెంచుకుంటుంది. యాభై దాటాక చర్మానికి రక్తం చేరే తీరు మందగిస్తుంది, దాహమూ ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ ఊళ్లో టైమింగ్ చూసుకోవడం తనను తాను వృథాగా బాధించుకోవడమే. జనవరిలో 6 నిమిషాలకు పూర్తయిన కిలోమీటరు మే నెలలో 6 నిమిషాల 40 సెకన్లు పట్టినా శ్రమ ఒక్కటే. మే, జూన్‌లలో అయిదున్నర కాకముందే సూర్యుడు సముద్రంలోంచి పైకి వచ్చేస్తాడు, బీచ్ రోడ్డులో అడ్డం వచ్చే నీడే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పడగొట్టిన చెట్ల లోటు ఊరంతా రన్నర్లకు చాలాకాలం తెలిసింది. ఎండాకాలంలో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో చెట్ల కింది దారులే దిక్కు.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకాస్త తెలుసుకోవాలి. మెటోప్రొలాల్, ఎటెనొలాల్ లాంటి మందులు గుండె వేగాన్ని తొక్కిపెడతాయి కాబట్టి వాచీలో కనిపించే హార్ట్ రేట్ జోన్లు వాళ్లకు పనికిరావు. మాట్లాడగలగడమే వాళ్లకు కొలత. నీరు బయటికి పంపే బీపీ మాత్రలు వాడేవాళ్లు వేసవి లాంగ్ రన్‌కు ముందు డాక్టరుతో మాట్లాడి తీరాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ల జేబులో గ్లూకోజ్ ఉండాలి. లాంగ్ రన్‌కు ముందు నొప్పుల మాత్ర మింగే అలవాటు మాత్రం ఎవరికీ వద్దు. ఉక్కలో నీరు తగ్గిన ఒంట్లో అది మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది.

గుండె సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. అమెరికాలో పరుగును ఇంటింటికీ తీసుకెళ్లిన రచయిత జిమ్ ఫిక్స్ 1984లో, 52 ఏళ్ల వయసులో, పరుగెత్తుతుండగానే గుండెపోటుతో చనిపోయాడు. ఆయన తండ్రి 43 ఏళ్లకే గుండె జబ్బుతో పోయాడు. పరుగు ఆయన్ని చంపిందని అప్పట్లో చాలామంది అన్నారు. రక్తనాళాల్లో అప్పటికే పేరుకున్నదాన్ని పరుగు తుడిచేయలేకపోయింది, అదీ జరిగింది. మన దేశంలో గుండె జబ్బు పాశ్చాత్యుల కన్నా ముందు వయసులోనే వస్తోంది. యాభైలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు వేగం పెంచకముందే డాక్టరును కలిసి, ఆయన చెబితే ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) చేయించుకోవాలి. ఆ రిపోర్టు బాగున్నా అది జీవితకాలపు హామీ కాదు. ఎప్పుడూ వెళ్లే వేగానికే కొత్తగా ఆయాసం, ఛాతీలోనో దవడలోనో ఎడమ చేతిలోనో బిగుతు, కళ్లు తిరగడం వస్తే ‘గ్యాస్ అయ్యుంటుంది’ అనుకోకుండా ఆగిపోవాలి.

ఇంట్లోవాళ్ల భయం గుండె గురించి కాదు, మోకాళ్ల గురించి. ‘ఈ వయసులో పరుగేంటి, అరిగిపోతాయి’ అనే మాట విశాఖలో వినని రన్నరు ఉండరు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1984లో యాభై దాటిన 538 మంది రన్నర్లను, పరుగెత్తని 423 మందిని ఎంచుకుని దాదాపు రెండు దశాబ్దాలు వెంబడించారు. 19 ఏళ్లకు చూస్తే పరుగెత్తనివాళ్లలో 34 శాతం మంది, రన్నర్లలో 15 శాతం మంది చనిపోయారు. నడవడం, లేవడం, బట్టలు వేసుకోవడం లాంటి పనుల్లో ఇబ్బంది రన్నర్లకు చాలా ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగును ఎంచుకుంటారు కాబట్టి ఈ తేడా అంతా పరుగు పుణ్యమే అనలేం. మోకాళ్ల విషయంలోనూ 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, సరదాగా పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం, కదలకుండా ఉండేవాళ్లలో 10.2 శాతం తేలింది. అదే విశ్లేషణలో పోటీల స్థాయి రన్నర్లకు 13.3 శాతం. మోతాదు మించితే మాత్రం కీళ్లూ మాట వినవన్నది అందులోనే ఉంది.

ఆడవాళ్ల విషయంలో ఇంట్లో అడ్డు మరో రకం. అయిదు గంటలంటే వాళ్లకు పాలు, కాఫీ, టిఫిను, క్యారేజీలు. యాభై దాటేసరికి పిల్లలు హైదరాబాదో, బెంగళూరో, అమెరికానో వెళ్లిపోయి, పెళ్లయ్యాక మొదటిసారి ఉదయం వాళ్ల చేతికి వస్తుంది. సరిగ్గా అదే సమయంలో నెలసరి ఆగుతుంది. ఆ తర్వాతి తొలి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా పలచబడుతుంది. పరుగు కొంత కాపాడుతుంది, బరువులు ఎత్తడం ఇంకా బాగా కాపాడుతుంది. డంబెల్స్ మొగవాళ్లవి అనే సంకోచం ఈ వయసులో నిజంగా ఎముక మీదికి తెస్తుంది. ఒంటరిగా చీకట్లో బయల్దేరలేరు కాబట్టి నలుగురు కలిసి వెళ్లడం వాళ్లకు సరదా కాదు, అవసరం. ఆ నలుగురిలో ఒకరు మానేస్తే మిగతా ముగ్గురూ ఆగిపోతారు. అందుకే ఇంటింటికీ ఫోన్ చేసి లేపే మనిషి ఆ గుంపుకు కోచ్ కన్నా ముఖ్యం.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వయసుతో కండరం ప్రొటీన్‌ను అందుకునే చురుకు తగ్గుతుంది, కాబట్టి కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినంతే. మన పళ్లెంలో అన్నం కుప్ప, పప్పు చెంచా. ఆ కొలతలు తారుమారు కావాలి. పరుగయ్యాక ఉప్పేసిన మజ్జిగ, చోడి (రాగి) అంబలి మన ఊరికి సరిపోయినవే. అంబలి తాగి ప్రొటీన్ అయిపోయిందనుకోకుండా గుడ్డో, చేపో, సెనగలో జత చేయాలి.

లక్ష్యం విషయంలో ఈ ఊరికి ఓ భాగ్యం ఉంది. ఏటా జరిగే నేవీ మారథాన్ ఒకటి. దానికన్నా పాతది, యాభై దాటినవాళ్ల మనసుకు దగ్గరగా ఉండేది సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు తొలిపావంచా (కొండ కింది తొలిమెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, మాధవధార మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. అరవై దాటిన ఆడవాళ్లు, చెప్పుల్లేకుండా, తడి రోడ్డు మీద, రాత్రంతా నడుస్తారు. ఎవరి చేతికీ వాచీ లెక్క లేదు. దారిపొడవునా మజ్జిగ, పులిహోర ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎవరు ముందు చేరారని ఎవరూ అడగరు, చేరారా అనే అడుగుతారు. కిందటేడు నడిచినవాళ్లు ఈ ఏడూ నడవాలనుకుంటారు, అందుకు నెల ముందు నుంచే పొద్దున్నే వీధుల్లో అడుగులు పెంచుకుంటారు. అందులో భక్తి ఎంత ఉందో శిక్షణ కూడా అంత ఉంది.

మొదట చెప్పుకున్న ఇద్దరికీ ఇది సరిగ్గా కుదురుతుంది. జూన్ ఉక్కలో టైమింగ్ చూసుకుని కుంగిపోయే బదులు, నెమ్మదిగా ఎక్కువసేపు కాళ్ల మీద నిలబడే సాధన చేసుకుని ప్రదక్షిణకు వెళ్లొచ్చు. షుగర్ ఉన్న మనిషి మాత్రం చెప్పుల్లేకుండా నడవకూడదు, పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకు చిన్న గాయం కూడా తెలియదు. బూట్లతో నడిచినా అప్పన్న కోపగించుకోడు. తిరిగొచ్చాక పది రోజులు పరుగు ఊసెత్తకుండా బొబ్బలు మాననిచ్చి, శ్రావణ మాసపు తుంపర్లలో కాళీమాత గుడి నుంచి వుడా పార్కు దాకా మెల్లగా వెళ్లి రావడంతో మళ్లీ మొదలుపెడితే, చలికాలపు హాఫ్ మారథాన్‌కు ఇంకా నాలుగు నెలలు చేతిలో ఉంటాయి.